ముప్పై తొమ్మిది దాటని రిజిస్టరు

కరీంనగర్ నుంచి పెద్దపల్లి వైపు బస్సులో పోతుంటే, సిద్ధులపేట స్టేజీ వచ్చే ముందు ప్రయాణికులంతా ఒకసారి ముక్కు మూసుకుంటారు. కండక్టరు ఊరి పేరు పిలవాల్సిన పని కూడా ఉండదు. పక్కవాళ్ల ముక్కులు చూసే దిగేవాళ్లు సంచులు సర్దుకుంటారు. సరిగ్గా ఆ ముక్కులు మూసుకునే చోటే హనుమండ్లు పదకొండేళ్లు నౌకరీ చేశాడు.

అది మున్సిపాలిటీ వారి మురుగునీటి శుద్ధి కేంద్రం. ఊళ్లో ప్లాంటు అంటారు. ఇళ్లలోంచి, హోటళ్లలోంచి వచ్చే మురుగంతా పెద్ద కాలువ గుండా అక్కడికి చేరుతుంది. దాన్ని తొట్లలో నింపి, గాలి కొట్టి, మడ్డి తేర్చి, కాస్త తేటపడ్డాక వాగులోకి వదులుతారు. రోజుకు నలభై లక్షల లీటర్లు శుద్ధి చేయగలదని గేటు పక్కన శిలాఫలకం మీద చెక్కి పెట్టారు. ఊరు మాత్రం శిలాఫలకం చదువుకోలేదు. తన మానాన తాను పెరుగుతూ పోయింది.

హనుమండ్లుది నేత కుటుంబం. తండ్రి మహారాష్ట్రలోని భీవండి పోయి ఇరవై ఏళ్లు మరమగ్గాలు నడిపి, ఆ కష్టంతో సిద్ధులపేట నేతవాడలో ఆఖరున రెండు గదుల పెంకుటిల్లు కట్టాడు. కట్టిన ఇంట్లో నిండా రెండేళ్లు ఉండకుండానే దగ్గుతో పోయాడు. హనుమండ్లు పదో తరగతి పాసై, సిరిసిల్లలో కొన్నేళ్లు మగ్గం నడిపి, ఆ చప్పుడుకు చెవులు మొద్దుబారాక ఊరికి తిరిగొచ్చాడు. అప్పుడే ప్లాంటు తెరిచారు. ఔట్‌సోర్సింగ్ మీద ఒక ఆపరేటరు కావాలన్నారు. దరఖాస్తులు మూడే వచ్చాయి. మిగతా ఇద్దరూ ప్లాంటు చూడ్డానికి వెళ్లి, గేటు దగ్గరి నుంచే తిరిగిపోయారు.

ఆ కొలువులో చేరాక ఆయనకు ఊళ్లో ఒక ప్రత్యేకత వచ్చింది. రోజుకు రెండు పూటలా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయినా, పెళ్లి భోజనాల్లో ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. అదే హనుమండ్లు ప్లాంటు వెనక ఖాళీ జాగాలో, తేర్చిన నీళ్లు పోసి, పిడికిలంతేసి బంతిపూలు పూయించేవాడు. బతుకమ్మ పండుగకు ఊరి ఆడవాళ్లు గేటు దగ్గర వరస కట్టి ఆ పూలు పట్టుకుపోయేవాళ్లు. ఏ నీళ్లు పోశావని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఇక ఆయన చేసే పని. ప్లాంటుకు రోజూ ఎంత నీరు వస్తుందో కొలవడానికి మొదట్లో ఒక డిజిటల్ మీటరుండేది. ఆరో నెలలోనే అది కన్నుమూసింది. బాగుచేసే మనిషి ఇదుగో అదుగో అంటూనే ఉన్నాడు. అందుకని కాలువ గోడ మీద రంగుతో గీసిన కొలబద్దను గంటగంటకూ చూసి, నీటి ఎత్తును బట్టి పట్టికలో లెక్క కట్టి, ఈ రోజు ఇన్ని లక్షల లీటర్లు అని రిజిస్టర్లో రాయాలి. హనుమండ్లు చేతిరాత ముత్యాల్లా ఉండేది. చేరిన ఏడాదే ఒక సాయంత్రం ఆయన ఆ ముత్యాల్లాంటి రాతలో నలభై ఒకటి అని రాశాడు. మర్నాడే ప్లాంటు చూసుకునే ఇంజినీరు, ఏఈ విద్యాధర్ పిలిపించాడు.

"ప్లాంటు తాకత్ ఎంత హనుమండ్లూ?"

"నలభై లక్షలు సార్."

"నలభై తాకత్ ఉన్న ప్లాంటుకు నలభై ఒకటి ఎట్లొస్తది?"

"వచ్చింది సార్. నేను చూసిన."

"నువ్వు చూసినవ్. రేపు పైనుంచి తనిఖీకి వచ్చెటోడు గూడ చూస్తడు. మిగిలిన లక్ష ఏడికి పోయిందని అడుగుతడు. వాగుల కలిపినమంటె నోటీసు నాకొస్తది, నీకు గాదు. జర సమజ్ చేస్కో. ముప్పై తొమ్మిది దాటనియ్యకు."

"నీళ్లనా సార్?"

"రిజిస్టర్‌ను."

హనుమండ్లు చెప్పిన మాట వినే మనిషి. ఆ రోజు నుంచి రిజిస్టరు ముప్పై తొమ్మిది దాటలేదు. నీళ్లు మాత్రం నలభై ఐదయ్యాయి, యాభై అయ్యాయి, అరవై దాటాయి. ఎక్కువైన నీటిని పక్క గేటు ఎత్తి ఉన్నదున్నట్టు వాగులోకి వదిలేవాడు. అబద్ధమే అయినా రాయడంలో ఆయన బద్ధకించలేదు. రోజూ ఒకే అంకె వేస్తే బాగుండదని, ఆదివారం అందరూ బట్టలుతుకుతారు కదా అని పావు లక్ష పెంచేవాడు. నల్లా రాని రోజు తగ్గించేవాడు. బోనాల ముందు ఇళ్లు కడుగుతారని ముప్పై ఎనిమిదిన్నర, పెళ్లిళ్ల రోజుల్లో ముప్పై తొమ్మిది వేసేవాడు. నిజంగా కొలిచిన వాడు కూడా అంత శ్రద్ధగా రాయడు. ప్రతి పేజీ కిందా విద్యాధర్ సంతకం పడేది.

ఈ లెక్క ఊరికి సరిపోయింది, ఆఫీసుకు సరిపోయింది. సరిపోనిది నేతవాడకే. వానాకాలం వాగు పొంగితే, పక్క గేటులోంచి పోవాల్సిన మురుగు పోలేక వెనక్కి తన్నేది. ప్లాంటు గోడకు అవతలే ఉన్న నేతవాడ ఊరంతటికీ పల్లం. వాడ మొత్తానికి పల్లం హనుమండ్లు ఇల్లు. దీపం కింద చీకటి అన్నట్టు, ఊరి మురుగును శుద్ధి చేసే మనిషి ఇంట్లోనే, స్నానాలగది తూములోంచి గుడగుడమంటూ ఆ మురుగు పైకి వచ్చేది. ఆయన భార్య అనసూర్య చెంబులూ బిందెలూ మంచం మీదికి ఎక్కించి, చీపురు పట్టుకుని మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టేది.

"ఊరందరి మురికి కడుగుతనని నువ్వు జీతం తీస్కుంటవ్. మనింట్ల మురికి కడిగినందుకు నాకెవ్వడిస్తడు జీతం?"

ఆ మాట హనుమండ్లు పదకొండేళ్లుగా వింటూనే వచ్చాడు. ప్లాంటు పెద్దది చేస్తే తప్ప ఆ నీరు ఆగదని ఆయనకు తెలుసు. ప్లాంటు చిన్నదని ఏ కాగితం మీదా లేకుండా చేస్తున్నది తన చెయ్యేనని కూడా తెలుసు.

మొన్నటి చలికాలంలో పైనుంచి ఒక పథకం దిగింది. పట్టణాల్లోని శుద్ధి కేంద్రాలను పెంచుతారట. సిద్ధులపేట పేరు కూడా జాబితాలో ఉందట. ప్రణాళిక తయారు చేయడానికి హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెన్సీ తరఫున మధులిక అనే ఇంజినీరు వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ముక్కు మూసుకోకుండా ప్లాంటంతా తిరిగిన మొదటి ఆఫీసరు ఆమే. హనుమండ్లుకు ఆమె మీద గౌరవం కలిగింది. విద్యాధర్ గదిలో కూర్చుని ఆమె పదకొండేళ్ల రిజిస్టర్లు తిరగేసింది.

"ఎంత బాగా రాశారండీ! ఒక్క రోజు కూడా ఖాళీ లేదు" అంది.

హనుమండ్లు సిగ్గుపడ్డాడు.

"కానీ ఒక చిక్కుంది. ఈ లెక్క ప్రకారం మీ ప్లాంటుకు విస్తరణ అవసరమే లేదు. కనీసం మూడు నెలలు వరసగా సామర్థ్యానికి మించి నీరు వచ్చినట్టు రికార్డు ఉండాలి. అలా ఉంటేనే మంజూరు చేస్తారు. మే మొదట్లో నేను నివేదిక ఇవ్వాలి."

హనుమండ్లు నోరు తెరిచాడు. విద్యాధర్ అంతకంటే ముందే తెరిచాడు.

"హనుమండ్లూ, మేడంకు చాయ్ పట్టుకరాపో."

చాయ్ తెచ్చేసరికి మధులిక వెళ్లడానికి లేచింది. ఆమె కారు గేటు దాటగానే విద్యాధర్ తలుపు దగ్గరికి వేశాడు.

"రేపటి సంది పెంచు" అన్నాడు.

హనుమండ్లు ముఖం విప్పారింది. "ఉన్నది ఉన్నట్టు రాయాల్నా సార్? అరవై మూడు?"

"నీకేమన్న దిమాక్ ఉన్నదా? నిన్న ముప్పై తొమ్మిది, ఇయ్యాల అరవై మూడా? ఒక్క రాత్రిల ఊరందరికి మోషన్లు పట్టినయా? గన్ని రోజుల సంతకాలు నావి ఉన్నయ్ దాని మీద. మెల్లగ ఎక్కియ్యి. మూడు నెలలున్నది గద. ఆఖరుకు అరవై మూడు కాడికి చేర్చు."

నిజం ముప్పై అడుగుల దూరంలో కాలువ గోడ మీద కనబడుతూనే ఉంది. దాని దగ్గరికి పోవడానికి తొంభై అబద్ధాలను మెట్లుగా పేర్చాలి. ఇది హనుమండ్లుకు వింతగా తోచినా, మెట్లు పైకే పోతున్నాయి కదా అని సంతోషించాడు. ఆ రాత్రి కొడుకు నోట్‌బుక్కులో లెక్క కట్టాడు. నలభై ముప్పావుతో మొదలుపెట్టి, రోజుకు పావు లక్ష చొప్పున ఎక్కిస్తే, తొంభై రోజులకు అరవై మూడు. ఎక్కడా పొల్లు పోలేదు. పడుగు ఎంత సమంగా ఉంటే బట్ట అంత బాగుంటుందని చిన్నప్పుడు తండ్రి నేర్పిన విద్య అది.

అక్కడే పొరపాటు పడ్డాడు. పదకొండేళ్లు ఆదివారాలూ పండుగలూ చూసి రాసిన మనిషి, ఈ తొంభై రోజులూ ఏమీ చూడలేదు. హోలీ వచ్చింది, పావు లక్ష ఎక్కింది. ఉగాది వచ్చింది, పావు లక్ష ఎక్కింది. మార్చిలో పెద్ద పైపు పగిలి ఊరికి మూడు రోజులు చుక్క నీరు రాలేదు. ఆడవాళ్లు ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకున్నారు. రిజిస్టర్లో మాత్రం ఆ మూడు రోజులూ మురుగు పావు పావు లక్ష పెరుగుతూనే ఉంది. అంత ఆత్రంలో ఉన్నాడు హనుమండ్లు.

తొంభయ్యో రోజు సాయంత్రం ఆయన కాలువ దగ్గరికి పోయి కొలబద్ద చూశాడు. అరవై మూడు. గదిలోకి వచ్చి రిజిస్టర్లో అరవై మూడని రాశాడు. ఆనాటి నలభై ఒకటి తర్వాత, రెండూ ఒకటే కావడం అదే మొదలు. కాసేపు ఆ అంకెను చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి పోతూ అరకిలో జిలేబీ కొన్నాడు.

"ఏందియ్యాల?" అంది అనసూర్య పొట్లం చూసి.

"ఇయ్యాల నిజం రాసిన."

"దానికి జిలేబీలా?" అంది. కానీ ప్లాంటు పెద్దదవుతుందని, ఇక ఇంట్లోకి మురుగు రాదని చెప్పేసరికి, ఆ జిలేబీలు వాడంతా పంచింది. ముసలి అత్త సత్తమ్మకు రెండు పెట్టింది. పక్కింటి దేవదాస్‌ను పిలిచి మరీ చెప్పింది. దేవదాస్‌కు రెండు మరమగ్గాలున్నాయి. వానాకాలంలో ఆ మగ్గాల కాళ్లు కూడా మురుగులోనే ఉండేవి. "నీ పుణ్యం ఊరికే పోదన్నా" అని ఆయన హనుమండ్లు చేతులు పట్టుకున్నాడు.

మే నెలలో ప్రణాళిక తయారై వచ్చింది. విద్యాధర్ బల్ల మీద పెద్ద నక్షా పరిచాడు. హనుమండ్లు రోజుకు పావు లక్ష చొప్పున గీసిన తిన్నని గీత కన్సల్టెన్సీ పెద్దలకు ఎంతో నచ్చిందట. ఇంత చక్కటి గీత వాళ్లు ఏ ఊళ్లోనూ చూడలేదట. దాన్ని అలాగే పదిహేనేళ్ల ముందుకు సాగదీస్తే, సిద్ధులపేటకు రోజుకు పద్నాలుగు కోట్ల లీటర్ల ప్లాంటు కావాలని తేలింది. ఊళ్లో మనిషి మనిషీ రోజంతా నల్లా కింద కూర్చున్నా అన్ని నీళ్లు రావు. అది మరీ ఎక్కువని దయతలచి ఐదు కోట్లకు దించారు. అంచనా ఎంత పెద్దదైతే వాళ్ల ఫీజు అంత పెద్దదవుతుంది కాబట్టి, అంతకంటే దించడం వాళ్ల చేతుల్లో లేకపోయింది.

ఐదు కోట్ల ప్లాంటుకు ఇప్పుడున్న జాగా చాలదు. ఇంకా పదిహేను ఎకరాలు కావాలి. ప్లాంటుకు ఒకవైపు వాగు. ఒకవైపు గ్రానైటు క్వారీ గుంత. ఒకవైపు రైస్ మిల్లు. నాలుగో వైపు నేతవాడ, దాని వెనక చెలకలు. రైస్ మిల్లు వైపు ఎందుకు జరపలేదని ఎవరూ అడగలేదు. అది ఎవరి మిల్లో అందరికీ తెలుసు.

హనుమండ్లు నక్షా మీద వేలు పెట్టి ఎర్ర గీత వెంట నడిపాడు. వేలు ఒకచోట ఆగింది.

"సార్, గీ గీత మా ఇంటి మీదికెల్లి పోతున్నది."

"మీ ఒక్క ఇల్లే గాదు. నలభై ఒక్క ఇండ్లు."

"గన్ని నీళ్లు ఏడున్నయ్ సార్ ఊర్ల?"

"నన్నడుగుతవేంది? రాసింది నువ్వు. నేను చేసింది సంతకం" అన్నాడు విద్యాధర్. తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "ఫికర్ చెయ్యకు. అందరికి డబుల్ బెడ్రూం ఇండ్లిప్పిస్తరు. ఊరవతల గుట్ట కాడ. మంచిగుంటయ్."

ఇంటికి పోయి హనుమండ్లు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇంటి మీది ఎర్ర గీత సంగతి భార్యకు చెప్పాడు. తర్వాత మొదటి నుంచీ అంతా చెప్పాడు. ముప్పై తొమ్మిది గురించి, పావు లక్ష గురించి, పైపు పగిలిన మూడు రోజుల గురించి. మంచం మీద పడుకున్న సత్తమ్మ కూడా విన్నది.

"మీ బాపు గీ ఇటుకలు ఏడికెల్లి తెచ్చిండో ఎరుకేనా బిడ్డా?" అంది సత్తమ్మ. "భీవండిల రాత్రి పాళి నడిపితె ఎక్కువ పైసలిస్తరని నాలుగేండ్లు పగటి మొఖం చూడలే. గందుకే దగ్గు పట్టింది."

"పోయి చెప్పు" అంది అనసూర్య. "గా లెక్క తప్పని చెప్పు."

"చెప్తె నౌకరి పోతది."

"పోతె మగ్గమున్నది. నేను బీడీలు చేస్త."

"లెక్క తప్పంటె ప్లాంటు పని గూడ ఆగుతది. మల్ల వానకాలం మనింట్లకే వస్తది నీళ్లు."

అనసూర్య తిట్టిన తిట్లన్నీ ఆ నీళ్ల గురించే కదా. ఆమె లేచి, "నాకు దెల్వదు, నీ ఇష్టం" అంటూ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె తనకు తెలియదని చెప్పడం హనుమండ్లు పెళ్లయ్యాక మొదటిసారి విన్నాడు.

వారం తర్వాత నేతవాడ సంఘం భవనంలో వార్డు సభ పెట్టారు. కమిషనర్ వచ్చాడు, విద్యాధర్ వచ్చాడు, మధులిక నక్షాతో వచ్చింది. వాడలో అప్పటికే రెండు జట్లయ్యాయి. మగ్గాలు పెట్టుకోవడానికి గుట్ట దగ్గర జాగా ఉండదని కొందరు ఏడుస్తున్నారు. కిరాయి ఇళ్లల్లో ఉన్నవాళ్లు, అన్నదమ్ములతో పొత్తుల ఇళ్లల్లో నలుగుతున్నవాళ్లు డబుల్ బెడ్రూంలో ఎవరికి ఏ అంతస్తు వస్తుందా అని లెక్కలు వేస్తున్నారు. దేవదాస్ ఈ రెండో జట్టులో ఉన్నాడు. ఆయన భార్య అప్పుడే కొత్త ఇంటికి కర్టెన్ల రంగు అనుకుంది.

"ఎవరైనా మాట్లాడేదుందా?" అన్నాడు కమిషనర్, లేదనే జవాబు కోసం.

హనుమండ్లు లేచాడు. "గా రిజిస్టర్ల ఉన్నది నిజం గాదు సార్."

"ఏ రిజిస్టరు?"

"అన్నీ సార్. పదకొండేండ్లు ఉన్నదానికంటె తక్కువ రాసిన. మూడు నెలలు ఉత్తగనే ఎక్కిచ్చుకుంట పోయిన. ఆఖరి దినం ఒక్కటే నిజం."

సభలో నవ్వులు లేచాయి. విద్యాధర్ కూడా నవ్వి, కమిషనర్ చెవి దగ్గర వంగి అందరికీ వినబడేలా అన్నాడు. "ఇల్లు పోతదని భయపడ్డడు సార్. మంచోడే. జర పరేషాన్ల ఉన్నడు."

జీవితంలో మొదటిసారి నిజం చెప్పడానికి లేచిన మనిషిని ఊరంతా జాలిగా చూస్తుంటే హనుమండ్లు కూర్చుందామనుకున్నాడు. అంతలో ఆయన చూపు ఆడవాళ్ల వైపు పోయింది. అక్కడ అనసూర్య తల ఎత్తి ఆయననే చూస్తోంది.

"మేడం, మార్చి పన్నెండు, పదమూడు, పద్నాలుగు తారీఖులు తియ్యుండ్రి" అన్నాడు హనుమండ్లు. "గా మూడు దినాలు ఊర్ల నల్లాలు రాలే. పైపు పగిలింది. అవునా కాదా, గీళ్లనడుగుండ్రి."

"రాలే, రాలే! ట్యాంకర్ కాడ కొట్లాడుకున్నం!" అని ఆడవాళ్లు ఒక్కసారిగా అరిచారు.

"నల్లా రాని దినాలు మోరీల నీళ్లు పెరిగినయని రాసిన నేను. ఏడికెల్లి పెరుగుతయ్ మేడం?"

మధులిక రిజిస్టరు తెరిచింది. ఆమె వేలు మూడు వరసల మీదుగా కిందికి దిగింది. ముందు పేజీ, వెనక పేజీ చూసింది. ముఖం ఎర్రబడింది.

"ఇలా ఎవరు రాయమన్నారు మీకు?" అంది.

విద్యాధర్ నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉన్నాడు. హనుమండ్లు ఆయన వైపు చూశాడు. పదకొండేళ్ల కింద, గేటు దాటి ఎవరూ లోపలికి రానప్పుడు తనకు నౌకరీ ఇచ్చింది ఆ మనిషే.

"చెయ్యి నాది మేడం" అన్నాడు. "రాసింది నేనే."

విద్యాధర్ నీళ్లు తాగాడు. మంచితనానికి పోయిన హనుమండ్లు ఆ ఒక్క మాటతో తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకున్నాడు.

మధులిక మర్నాడు హైదరాబాద్ పోలేదు. మే నెల ఎండలో గొడుగు వేసుకుని, మూడు రోజులు కాలువ గోడ పక్కన స్టూలు మీద కూర్చుని గంటగంటకూ తనే కొలిచింది. అరవై రెండున్నర, అరవై మూడు, అరవై మూడు. కోటి లీటర్ల ప్లాంటు చాలని, అది ఇప్పుడున్న జాగాలో, బంతిచెట్ల మడిలోనే పడుతుందని కొత్తగా రాసుకుంది. పోయేటప్పుడు హనుమండ్లుతో, "ఆ గీత అంత తిన్నగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మా సార్లకు నచ్చిందని ఊరుకున్నాను" అంది. నేతవాడ మీది ఎర్ర గీత ఆ విధంగా చెరిగిపోయింది.

దాంతోపాటు చాలా చెరిగాయి. పాత నివేదిక వెనక్కి పోయింది, కొత్తది తయారయ్యేలోపు పథకం గడువు దాటింది. వచ్చే ఏడు చూద్దామని రాశారు. హనుమండ్లును తప్పుడు అంకెలు నమోదు చేసినందుకు తొలగించారు. ఆ తొలగింపు కాగితంలో, రిజిస్టర్లలోని అక్రమాలను గుర్తించి పై అధికారుల దృష్టికి తెచ్చినందుకు విద్యాధర్‌ను మెచ్చుకున్నారు. నమ్మి సంతకాలు చేశానని ఆయన చెప్పుకున్నాడు. నెల తిరక్కుండానే ప్రమోషన్ మీద ఇంతకంటే పెద్ద ఊరికి, ఇంతకంటే పెద్ద ప్లాంటుకు పోయాడు.

ఇల్లు నిలబెట్టినందుకు నేతవాడ హనుమండ్లుకు దండ వేస్తుందని ఎవరైనా అనుకుంటే అది అమాయకత్వం. సగం మంది ఆయనను చూస్తే ముఖం తిప్పుకుంటున్నారు. కాళ్ల దగ్గరికి వచ్చిన డబుల్ బెడ్రూంను తన్నేశాడని వాళ్ల కోపం. దేవదాస్ అయితే మాట్లాడడమే మానేశాడు. కానీ తన రెండో మగ్గానికి నడిపే మనిషి దొరక్క, దాన్ని హనుమండ్లుకే ఇచ్చాడు. ఒకే కప్పు కింద ఇద్దరూ పొద్దంతా పని చేస్తారు. పోగు తెగితే దేవదాస్ దగ్గి పిలుస్తాడు. హనుమండ్లు వెళ్లి ముడివేసి వస్తాడు.

ఆషాఢం రెండో వారంలో వాన పట్టింది. పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా వదల్లేదు. వాగు నిండిందని వాడలో కేకలు వినబడగానే హనుమండ్లు మగ్గం ఆపి ఇంటికి పరుగెత్తాడు. అప్పటికే స్నానాలగది తూములోంచి గుడగుడ మొదలైంది. అనసూర్య బిందెలు మంచం మీదికి ఎక్కిస్తోంది.

"వచ్చిందా?" అంది సత్తమ్మ, మంచం మీద కాళ్లు ముడుచుకుని.

"వచ్చిందత్తమ్మా."

"రానియ్యి. ఇల్లున్నకాడికే గద వచ్చేది."

మురుగు నడి గదిలోకి పాకింది. హనుమండ్లు వాకిట్లో నిలబడి భార్య తిట్ల కోసం ఎదురుచూశాడు. ఈసారి ఆమె ఎంత తిట్టినా పడాలని ముందే నిశ్చయించుకున్నాడు. అనసూర్య చీపురు పట్టుకుని వచ్చి, ఆయన పక్కన నిలబడి నీళ్లను చూసింది.

"పదకొండేండ్లు చూసినవ్ గద" అంది. "నిజం చెప్పు. నిరుటి కంటె ఎక్కువనా, తక్కువనా?"

హనుమండ్లు గోడ మీద పాత తడి మరక చూశాడు. వంగి వేళ్లతో కొలిచాడు. తక్కువే అని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది.

"ఎక్కువే" అన్నాడు. "నాలుగు వేళ్లు ఎక్కువ."

అనసూర్య నవ్వింది. చీరె కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని, బక్కెట ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి నీళ్లు ఎత్తిపోయడం మొదలుపెట్టారు.